ఖైదీకి 'స్వచ్ఛందంగా' అన్న మాట వాడొచ్చా?

జైళ్లలో జరిగిన వైద్య ప్రయోగాల మీద ఒక వ్యాసం తెలుగు చేస్తూ "ఖైదీలు స్వచ్ఛందంగా పాల్గొన్నారు" అని రాశాను, ఆ మాట దగ్గరే పెన్ను ఆగిపోయింది. ఇందులో 'స్వచ్ఛ' ఉందనుకుంటారు చాలామంది, లేదు. స్వ + ఛందం. ఛందం అంటే ఇష్టం, మధ్యలో చకారం వృక్షచ్ఛాయలో లాగా సంధిలో వచ్చి చేరింది. అంటే తన ఇష్టప్రకారం అని.

మరి ఫిలడెల్ఫియా హోమ్స్‌బర్గ్ జైల్లో 1951 నుంచి 1974 దాకా వీపు మీద పట్టీలు వేయించుకుని వాటి కింద ఏ రసాయనం ఉందో తెలియకుండా రోజులు లెక్కపెట్టుకున్నవాళ్ల మాటేంటి? కొందరికి డయాక్సిన్ అనే విష రసాయనం కూడా పూశారు. జైలు పనికి రోజుకు సెంట్లలో కూలి, పరీక్షకు డాలర్లలో. పైగా వాళ్లలో చాలామందికి ఇంకా శిక్షే పడలేదు, బెయిల్ డబ్బు కోసం చూస్తున్నవాళ్లు.

— అలాగని 'బలవంతంగా' అని రాయలేం కదండీ, సంతకాలు పెట్టారు. 'అంగీకరించారు' సరిపోదా?

— సరిపోతుంది గానీ అది మరీ ఆఫీసు కాగితం మాటలా ఉందండీ. నా మనసు 'ఒప్పుకున్నారు' వైపు లాగుతోంది. పందేనికి ఒప్పుకున్నా, నేరం ఒప్పుకున్నా అదే క్రియ, ఇష్టపడి చేశాడా గతిలేక చేశాడా అన్నది అది తేల్చదు, తేల్చకపోవడమే ఇక్కడ నాకు కావాలి. 1978లో అమెరికా పెట్టిన నిబంధనలు కూడా ఈ చిక్కు చుట్టూనే తిరుగుతాయి: ప్రయోగంలో చేరినంత మాత్రాన పెరోల్‌కి ఏ లాభమూ ఉండదని ఖైదీకి ముందే చెప్పాలి.

— నాజీ డాక్టర్ల విచారణ తీర్పులో వైద్య ప్రయోగాలకు పెట్టిన న్యూరెంబర్గ్ నియమావళి మొదటి సూత్రంలోనే స్వచ్ఛంద సమ్మతి తప్పనిసరి అని ఉంది, అక్కడేం చేస్తారు మరి?

— అక్కడ మార్చను. 1947 నాటి ఆ సూత్రం ఎలా జరగాలో చెబుతోంది, నా వాక్యం జరిగింది చెబుతోంది. (ఆ విచారణలోనే జర్మన్ డాక్టర్ల తరఫు లాయర్లు, ఇల్లినాయ్‌లోని స్టేట్‌విల్ జైల్లో ఖైదీలకు మలేరియా ఎక్కించిన సంగతి ఎత్తి అమెరికాకే ఎదురు తిప్పారు!) ప్రస్తుతానికి "డబ్బు కోసం ఒప్పుకున్నారు" అని రాసి పెట్టుకున్నాను. ఇంతకంటే మంచి మాట తడితే చెప్పండి.