‘చెక్’ అంటే ఎన్ని అర్థాలన్నా?

ప్రశ్న (ఊరు కర్నూలు, ఇప్పుడు డల్లాస్)

అన్నలకు, అక్కలకు నమస్కారం. ఉద్యోగం మీద డల్లాస్‌కు వచ్చి ఇంకా నెల కాలేదు. ఇంగ్లీషు మీడియంలోనే చదివాను గానీ ఇక్కడ ‘చెక్’ అనే ఒక్క మాట నన్ను తికమక పెడుతోంది. హెచ్ఆర్ వాళ్ళు ‘వాయిడెడ్ చెక్’ తెమ్మన్నారు. మేనేజర్ ‘జస్ట్ చెకింగ్ ఇన్’ అని మెయిల్ పెట్టాడు. నా పని మీద అనుమానం వచ్చిందేమోనని టెన్షన్. పక్క సీటాయన్ని భోజనానికి పిలిస్తే ‘రెయిన్ చెక్’ అన్నాడు. బయట చూస్తే ఎండ కాస్తోంది. ఇంత చిన్న మాట తెలీదా అనుకుంటారని ఎవర్నీ అడగలేకపోతున్నా.

జవాబు (ఊరు కడప, ఇప్పుడు న్యూజెర్సీ)

తమ్ముడూ, ముందు ఆ మొహమాటం వదిలెయ్. మా కడపలో సి.పి.బ్రౌన్ గ్రంథాలయం ఉంది, ఎప్పుడైనా చూశావా? 1820లో కడపకు వచ్చిన ఆ దొర, కుంపిణీలో పెద్ద ఉద్యోగంలో ఉండి కూడా, పండితులకు జీతాలిచ్చి పెట్టుకుని తెలుగు మాటలు ఒక్కొక్కటీ అడిగి తెలుసుకున్నాడు. తర్వాత నిఘంటువే రాశాడు. అడగడం నామోషీ కాదు.

ఇక మాట సంగతి. హైదరాబాదు నుంచి వచ్చేటప్పుడు తుంగభద్ర దగ్గర మీ పంచలింగాల చెక్‌పోస్టు నీకు తెలిసిందే. బండి ఆపుతారు, లోపల ఏముందో చూస్తారు. ఆపడం, చూడడం. ఈ రెండూ గుర్తుంటే ‘చెక్’కు ఉన్న అర్థాల్లో సగానికి పైగా వాటంతటవే తెలుస్తాయి.

ఈ మాట పుట్టింది చదరంగంలో. మన దేశపు చతురంగం పర్షియాకు పోయింది. అక్కడ ఎదుటివాడి రాజుకు గండం రాగానే ‘షా’ అని హెచ్చరించేవాళ్ళు. షా అంటే రాజు, మన పాదుషాలో ఉన్న షా అదే. అరబ్బుల చేతుల మీదుగా ఆట యూరప్ చేరింది. ఆ మాట లాటిన్‌లో మారి, పాత ఫ్రెంచిలో ‘ఎషెక్’ అయి, 1300 ప్రాంతంలో ఇంగ్లీషులో ‘చెక్’గా కుదురుకుంది. ‘చెస్’ అన్న పేరు కూడా ఆ ఫ్రెంచి మాట బహువచనం నుంచి వచ్చిందే. రాజుకు ఇక దిక్కు లేదనే ‘షా మాత్’ నుంచి ‘చెక్‌మేట్’ వచ్చింది, మనం ఆటకట్టు అంటాం చూడు, అది.

రాజుకు చెక్ పడ్డాక ఇష్టమొచ్చిన ఎత్తు వేయడానికి లేదు, ముందు ఆయన్ను కాపాడుకోవాలి. అలా ఆ మాటకు ఆపడం అనే అర్థం వచ్చింది. ఆపడం నుంచి అదుపు, అదుపు నుంచి సరిచూడడం.

నాకు అన్నిటికంటే ఇష్టమైంది ఖజానా కథ. 12వ శతాబ్దంలో ఇంగ్లండు రాజుగారి లెక్కలు చూడడానికి పది అడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు ఉన్న బల్ల ఉండేది. దాని మీద గీతలున్న నల్లగుడ్డ పరిచేవాళ్ళు. జిల్లాల నుంచి షెరీఫులు ఏడాదికి రెండుసార్లు వచ్చి లెక్క అప్పజెప్పాలి. పౌన్లకు ఒక వరస, షిల్లింగులకు ఒక వరస, పెన్నీలకు ఒక వరస. గడుల్లో బిళ్ళలు పెట్టి, తీసి, ఎంత కట్టారో ఎంత బాకీ ఉందో అక్కడికక్కడే తేల్చేవాళ్ళు. చదువురాని షెరీఫుకు కూడా తన లెక్క కళ్ళెదుట కనపడేది. ఆ గుడ్డ చదరంగం బల్లలా ఉండడం వల్ల ఆ కచేరీకే ‘ఎక్స్‌చెకర్’ అని పేరు పడింది. బ్రిటన్ ఆర్థికమంత్రిని ఈ రోజుకూ ‘చాన్సలర్ ఆఫ్ ది ఎక్స్‌చెకర్’ అనే పిలుస్తారు. మన గళ్ళ లుంగీని చెక్స్ లుంగీ అనడం కూడా ఆ చదరంగపు గళ్ళ వల్లే.

బ్యాంకు చెక్కు 18వ శతాబ్దపు మాట. దొంగ కాగితాలు పట్టుకోవడానికి బ్యాంకు దగ్గర ఉంచుకునే ప్రతిముక్కను మొదట చెక్ అనేవాళ్ళు, తర్వాత కాగితానికే ఆ పేరు వచ్చింది. బ్రిటన్‌వాళ్ళు ఎక్స్‌చెకర్ ప్రభావంతో స్పెల్లింగు మార్చుకున్నారు, మనదీ అదే. అమెరికావాళ్ళు పాతదే రాస్తారు. అందుకే ఇక్కడ కాగితం మీద చూస్తే ఏ చెక్కో తెలీదు, పక్కన ఉన్న మాటను బట్టి పోవాలి.

నీ మేనేజర్ది తనిఖీ కాదు, పలకరింపు. ‘పని ఇక్కడిదాకా వచ్చింది, ఫలానా చోట ఆగింది’ అని రెండు వాక్యాలు రాస్తే చాలు. క్షమాపణలతో పేజీ నింపకు, లేని అనుమానం నువ్వే పుట్టించినట్టు అవుతుంది. రెయిన్ చెక్ బేస్‌బాల్ నుంచి వచ్చింది. వాన వల్ల ఆట ఆగిపోతే ఇంకో రోజు ఆట చూడ్డానికి టికెట్టు ముక్క ఇచ్చేవాళ్ళు. 19వ శతాబ్దం చివరినాటి అలవాటు అది. ఇప్పుడు దానర్థం ‘ఈసారికి కుదరదు, ఇంకోసారి చూద్దాం’ అని. మర్నాడే మళ్ళీ పిలవకు, కొన్నాళ్ళు ఆగు.

హోటల్లో తిన్నాక బిల్లును చెక్ అంటారు. నోటును బిల్లు అంటారు. ‘చెక్ విత్’ అంటే అడిగి తెలుసుకోవడం, ‘చెక్ ఆన్’ అంటే ఎలా ఉన్నారో చూసి రావడం. ‘చెక్ అవుట్’ దగ్గర మాత్రం జాగ్రత్త. వస్తువునైతే ‘చూడు’ అని. మనిషినైతే, ముఖ్యంగా ఆడవాళ్ళనైతే, అదోరకంగా చూడడం అవుతుంది. ఆఫీసులో మనుషుల గురించి ఆ మాట అసలే వాడకు.

ఇంకో జవాబు (ఊరు హిందూపురం, ఇప్పుడు ఆస్టిన్)

ఒక్కటి కలుపుతా. ఫారాల్లో మనం ‘టిక్కు’ పెడతాం కదా, ఇక్కడ అది ‘చెక్ మార్క్’. టిక్ అంటే వీళ్ళకు ముందు గుర్తొచ్చేది పశువులకు పట్టే పిడుదు లాంటి పురుగే.

జవాబు (ఊరు అనంతపురం, ఇప్పుడు హ్యూస్టన్)

నాయనా, డబ్బు సంగతి ఈ అక్క చెబుతుంది. వాయిడెడ్ చెక్ అంటే ఖాళీ చెక్కు మీద అడ్డంగా పెద్ద అక్షరాలతో ‘వాయిడ్’ అని రాసి ఇవ్వడం. సంతకం పెట్టకు. జీతం వేయడానికి వాళ్ళకు కావాల్సింది కింద ఉన్న నంబర్లే. ఎడమ పక్కన 9 అంకెలది రూటింగ్ నంబరు, మరొకటి నీ ఖాతా నంబరు. చెక్కుబుక్కు ఇంకా రాకపోతే బ్యాంకువాళ్ళు ఇచ్చే డైరెక్ట్ డిపాజిట్ ఫారం పనికొస్తుందేమో హెచ్ఆర్‌ను అడుగు, చాలాచోట్ల ఒప్పుకుంటారు.

చెక్కు రాసేటప్పుడు నెల ముందు, తేదీ తర్వాత. 04/03 అంటే ఏప్రిల్ 3. సెంట్లను నూరుకు ఇన్ని అని భిన్నంగా రాస్తారు, 50/100 లాగా. మనలా మూలన రెండు గీతలు గీయడం ఇక్కడ లేదు. రోజువారీ ఖాతాను చెకింగ్ అకౌంట్ అంటారు. క్యాషియర్స్ చెక్ మన డీడీ లాంటిది, ఇల్లు అద్దెకు తీసుకునేటప్పుడు అడుగుతుంటారు.

ఈ క్యాషియర్స్ చెక్కుల పేరుతోనే మోసాలు ఎక్కువ. మేము గది అద్దెకిస్తామని ప్రకటన పెడితే, మనిషిని చూడకుండానే ఒకతను అడిగినదానికంటే పెద్ద మొత్తానికి చెక్కు పంపాడు. మిగిలింది తిరిగి పంపమని గంటగంటకూ మెసేజీలు. మేము ఖాతాలో వేయకుండా బ్యాంకుకు తీసుకెళ్ళి చూపిస్తే నకిలీదని తేలింది. కాగితం, ముద్ర, బ్యాంకు పేరు అన్నీ అసలు లాగే ఉన్నాయి. ఇక్కడి చట్టం ప్రకారం చెక్కు వేసిన ఒకటి రెండు రోజుల్లోనే ఆ డబ్బు వాడుకోనిస్తారు, కానీ అది దొంగదని తేలడానికి వారాలు పట్టొచ్చు. ఈలోపు నువ్వు పంపింది పోయినట్టే, బ్యాంకుకు మాత్రం నువ్వు బాకీ పడతావు. ఖాతాలో అంకె కనపడిందని చెక్కు చెల్లిందనుకోవద్దు. ఎక్కువ రాసి తిరిగి పంపమన్నవాడి చెక్కు అసలు ఖాతాలోనే వేయకు. దాని మీద ఉన్న బ్యాంకు నంబరును నమ్మకుండా, ఆ బ్యాంకు సొంత సైటులో ఉన్న నంబరుకు ఫోన్ చేసి కనుక్కో.