మద్దెల ఓడా, మద్దెలోడా?

నల్లగొండ నుంచి: టీవీ చర్చల్లో ఇప్పటి ప్రభుత్వం వాళ్లు అప్పులన్నీ పాతవాళ్ల ఖాతాలో వేసినప్పుడల్లా అవతలి నుంచి ఒకటే మాట, "ఆడలేక మద్దెల ఓడు". మా మేనత్త దీన్నే ఇంకా పొడుగ్గా, ప్రాసతో అనేది. "ఆడలేనమ్మ..." దాకా గుర్తుంది. తర్వాతి ముక్క నోట్లో నానుతోంది, బయటికి రావట్లేదు. ఎవరికైనా పూర్తిగా వచ్చా?

పాలమూరు పాతకాపు: పూర్తి పాఠం సంగతి తర్వాత. ముందు అది "ఓడు" కాదు సార్. మా దిక్కు "మద్దెలోడు" అంటరు, అంటే మద్దెల కొట్టేటోడు. తప్పు మద్దెలది కాదు, వాయించినోనిది. ఖజానాను ఎవరన్నా తిడతరా? అంతకుముందు తాళాలు పట్టుకున్నోణ్ణి తిడతరు.

సూర్యాపేట మాస్టారు: వినడానికి బాగుంది, వ్యాకరణమే ఒప్పుకోదు. ఓడు అంటే పగిలినది. ఏడు-ఏటి, కాడు-కాటి ఎట్లాగో ఓడు-ఓటి అట్లాగే. కాకపోతే ఓటికుండ, ఓటిమోత ఎక్కడివి? తమిళంలో ఇప్పటికీ పెంకును ఓడు అనే అంటారు. పైగా 2023 డిసెంబరులో కొత్త ప్రభుత్వం అసెంబ్లీలో పెట్టిన శ్వేతపత్రం 6.71 లక్షల కోట్ల అప్పు చూపించింది. మద్దెలే పగిలి చేతికొచ్చిందనేగా దాని వాదన!

పాలమూరు పాతకాపు: నాలుగు రోజులకే ప్రతిపక్షం "స్వేదపత్రం" తెచ్చింది కదా. శ్వ పోయి స్వ, త పోయి ద. వాళ్లు అప్పు అన్నదాన్ని వీళ్లు చెమటోడ్చి కూడబెట్టిన ఆస్తి అన్నరు. లెక్కల సంగతి నాకు తెల్వదు గానీ, ఆ పేరు పెట్టినాయనకు మాత్రం దండం పెట్టాలె.

దేవరకొండ: మద్దెలోడే అనుకుందాం. ఏ మద్దెలోడు? మా దిక్కు కృష్ణా నీళ్లు తేవాల్సిన ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం 2005లో మంజూరైంది. ఉమ్మడి రాష్ట్రం పోయింది, తెలంగాణ వచ్చింది, ఇక్కడా ప్రభుత్వం మారింది. 2025 ఫిబ్రవరిలో పైకప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుంటే, పాతవాళ్లు పని పడకేయించారని ఒకరు, కొత్తవాళ్లు తొందరపడ్డారని ఇంకొకరు. ఫ్లోరైడ్ నీళ్లు తాగిన మాకు రెండు పాఠాలూ కంఠతా వచ్చు.

సూర్యాపేట మాస్టారు: ఈ విషయంలో మా పాతకాలపు కవి పిల్లలమర్రి పినవీరభద్రుడే నయం. కావ్యం రాయకుండా గడువు దాకా కాలక్షేపం చేశాడట. ఆఖరి రాత్రి సరస్వతే వచ్చి రాసిపెట్టిందని కథ. సభలో అదే చెప్పి, "వాణి నా రాణి" అనేశాడు! పని ఇంకొకరిదని ఒప్పుకుంటూనే అంత దర్జా. ఇప్పుడెవరైనా ముందు ప్రభుత్వం కట్టిన ప్రాజెక్టు గేట్లెత్తుతూ అంత మాట అంటారా? ఆ విజయనగర రాజు సాళువ నరసింహరాయల సభ...

పాలమూరు పాతకాపు: మాస్టారూ, పినవీరన దగ్గరికి పోతే మీరు మళ్లీ రారు. నా ప్రశ్నకు జవాబు చెప్పండి. మద్దెల కట్టెతో, తోలుతో చేస్తరు. కుండలెక్క పెంకు ఎట్లయితది?

సూర్యాపేట మాస్టారు: మృదంగం అంటేనే మృత్తు, మట్టి. పాతకాలపు మద్దెలా మట్టిదే అయి ఉంటుంది.

దేవరకొండ: మృదంగం వేరు, మద్దెల వేరు. ఇది మర్దల నుంచి వచ్చింది. అందులో మట్టి ఎక్కడుంది?

నల్లగొండ నుంచి: "ఆడలేనమ్మ" తర్వాత...?

పాలమూరు పాతకాపు: ఉండండి సార్. మర్దల అయితే తమిళంలో మత్తళం ఎందుకైంది? ముందు అది తేల్చండి.