డాక్టర్ ఫాస్టస్‌ను కట్టిపడేసింది ఆ పత్రమేనా?

ప్రశ్న (ఎం.ఏ. ఆంగ్ల సాహిత్య విద్యార్థిని)

అందరికీ నమస్కారం. క్రిస్టొఫర్ మార్లో రాసిన ‘డాక్టర్ ఫాస్టస్’ నాటకం మాకు పాఠ్యాంశంగా ఉంది. విట్టెన్‌బర్గ్ పండితుడైన ఫాస్టస్ 24 ఏళ్లపాటు మెఫిస్టాఫిలిస్ అనే దయ్యం చేత సేవ చేయించుకోవడానికి బదులుగా తన శరీరాన్నీ ఆత్మనూ దయ్యాల రాజైన లూసిఫర్‌కు రక్తంతో రాసి ఇస్తాడు; గడువు తీరిన రాత్రి దయ్యాలు వచ్చి అతన్ని తీసుకుపోతాయి. కథ ఇంతవరకు నాకు స్పష్టంగానే ఉంది. అయితే పత్రం రాసిన తరువాత కూడా మంచి దేవదూత వచ్చి పశ్చాత్తాపపడమని చెబుతూనే ఉంటాడు. రాసి ఇచ్చేసిన ఆత్మ ఇక అతనిది కానప్పుడు ఆ పిలుపుకు అర్థమేమిటి? అర్థం ఉంటే, అంత చదువుకున్నవాడు దాన్ని ఎందుకు అందుకోలేకపోయాడు? ఆత్మను శస్త్రాలు ఛేదించలేవని, అగ్ని దహించలేదని గీతలో విని పెరిగినందువల్ల, దాన్ని ఒకరికి రాసి ఇవ్వడమన్న ఊహే నాకు పట్టుబడడం లేదేమో కూడా. దయచేసి నాటకంలోని మాటల ఆధారంగా వివరించగలరు.

సమాధానం (విశ్రాంత ఆంగ్ల అధ్యాపకుడు)

అమ్మా, మీ ప్రశ్నకు జవాబు పత్రం రాసే సన్నివేశంలో కన్నా ముందే, మొదటి స్వగతంలోనే ఉంది. తత్త్వాన్నీ వైద్యాన్నీ న్యాయశాస్త్రాన్నీ పక్కన పెట్టి ఫాస్టస్ చివరకు బైబిలు తెరుస్తాడు. ‘పాపమువలన వచ్చు జీతము మరణము’ అన్న మాట చదివి, ఇది చాలా కఠినమని అక్కడే ఆపేస్తాడు. తెలుగు బైబిలులో రోమీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయం 23వ వచనం చూడండి. దాని వెంటనే ‘అయితే దేవుని కృపావరము మన ప్రభువైన క్రీస్తు యేసునందు నిత్యజీవము’ అని ఉంటుంది. ఆ సగం అతను చదవడు. తరువాత యోహాను మొదటి పత్రిక నుంచి, పాపము లేనివారమని చెప్పుకుంటే మనలను మనమే మోసపుచ్చుకొంటామన్న వాక్యం ఎత్తుకుంటాడు. పాపాలను ఒప్పుకుంటే క్షమాపణ దొరుకుతుందన్న తరువాతి వాక్యాన్ని మళ్లీ వదిలేస్తాడు. ఆనాటి ప్రేక్షకులకు ఈ వాక్యాలు చర్చిలో విని విని నోటికి వచ్చినవే కాబట్టి, అతను ఎక్కడ ఆపాడో వారికి వెంటనే తెలిసి ఉంటుంది.

ఇంకొక్క చోటు చూపిస్తాను. పత్రం రాయడం పూర్తయ్యాక ఫాస్టస్ లాటిన్‌లో పలికే మాట, సిలువ మీద క్రీస్తు పలికిన చివరి మాట: ‘సమాప్తమైనది’. యోహాను సువార్తలో ఆ వచనం ‘తల వంచి ఆత్మను అప్పగించెను’ అని ముగుస్తుంది. ఆయన తండ్రికి ఆత్మను అప్పగించిన మాటతోనే ఇతను లూసిఫర్‌కు అప్పగిస్తున్నాడు. ఎన్ని ఏళ్లు పాఠం చెప్పినా ఈ చోటు దగ్గర నా గొంతు మారేది. క్షమ లేదన్న నిరాశ అతనిలో ముందే ఉన్నదని, పత్రం తరువాత వచ్చిందని నా అభిప్రాయం.

సమాధానం (పాఠాంతరాలపై పనిచేస్తున్న పరిశోధకుడు)

గురువుగారి వివరణ ఎంతో విలువైనది. అయినా, నిరాశను పూర్తిగా ఫాస్టస్ ఎంచుకున్నదిగా చూడడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు. మార్లో 1593లో మరణించాడు. నాటకం 1604లో ఒక రూపంలో, 1616లో అంతకన్నా చాలా పెద్దదైన మరో రూపంలో అచ్చయింది. నాటకానికి చేర్పులు రాసినందుకు ఇద్దరు రచయితలకు 4 పౌండ్లు ఇచ్చినట్లు నాటకశాల యజమాని ఫిలిప్ హెన్‌స్లో 1602లో తన లెక్కల పుస్తకంలో రాసుకున్నాడు. మీ ప్రశ్నకు సంబంధించిన తేడా మాత్రం ఒక్క పదంలో ఉంది. మంచి దేవదూత 1604 ప్రతిలో ‘ఫాస్టస్ పశ్చాత్తాపపడగలిగితే ఆలస్యమేమీ కాలేదు’ అంటాడు. 1616 ప్రతిలో అదే మాట ‘పశ్చాత్తాపపడదలిస్తే’ అని మారింది. మొదటిది శక్తిని గురించి, రెండవది ఇష్టాన్ని గురించి. ఎవరికి రక్షణ దక్కాలో దేవుడు ముందే నిర్ణయించాడన్న ప్రొటెస్టెంట్ మతబోధకుడు కాల్విన్ బోధ, మార్లో చదువుకున్న కేంబ్రిడ్జ్‌లో ఆ రోజుల్లో బలంగా ఉండేది. ‘నా గుండె గట్టిపడిపోయింది, పశ్చాత్తాపపడలేకపోతున్నాను’ అని ఫాస్టస్ అన్నప్పుడు, ఆ మాటను నేను సాకుగా తీసుకోలేను. మీరు పరీక్షలో ఏ ప్రతి ఆధారంగా రాస్తున్నారో తప్పక చెప్పండి.

సమాధానం (దస్తావేజు లేఖరి)

నేను సాహిత్యం చదువుకున్నవాడిని కాను. మా అమ్మాయి ఈ నాటకం చదువుతూ అర్థం చెబుతుంటే, పత్రం ఉన్న భాగాన్ని మాత్రం రెండు మూడుసార్లు చదివించుకున్నాను. నాటకంలో దాన్ని విక్రయపత్రం అనలేదు, దానపత్రం అన్నారు. అందులో షరతులు ఐదు. మెఫిస్టాఫిలిస్ తనకు సేవకుడై ఉండాలని, తాను ఏది కోరితే అది చేసి, తెచ్చి ఇవ్వాలని వాటిలో ఉంది. ఆ షరతులకు భంగం లేకుండా 24 ఏళ్లు గడిస్తేనే అవతలివారికి హక్కు. అయితే సంతకమైన కాసేపటికే ఫాస్టస్ భార్య కావాలని అడిగితే ఆడవేషం వేసిన దయ్యాన్ని తెచ్చి చూపించారు. లోకాన్ని సృష్టించినది ఎవరని అడిగితే చెప్పనన్నారు. మా వృత్తిలో దీన్ని షరతు ఉల్లంఘన అంటాం. ఏది అడిగినా చెప్పాలని నిన్ను కట్టుబెట్టలేదా అని ఫాస్టస్ గద్దించాడే గానీ, పత్రం చెల్లదని మాత్రం అనలేదు.

మరొక సంగతి. ఒక వృద్ధుడు వచ్చి బతిమాలినప్పుడు ఫాస్టస్ మనసు కరుగుతుంది. వెంటనే మెఫిస్టాఫిలిస్ బెదిరించడం, ఫాస్టస్ తన రక్తంతో పాత మాటను మళ్లీ ధ్రువపరుస్తాననడం జరుగుతాయి. మొదటి పత్రం చెల్లుబాటైనదైతే రెండోసారి రాయించుకోవలసిన అవసరం ఎవరికి వస్తుంది? ఆ వృద్ధుడిని హింసించమని ఫాస్టస్ కోరితే, అతని విశ్వాసం గొప్పదని, ఆత్మను తాను తాకలేనని, శరీరాన్ని మాత్రం బాధించగలనని మెఫిస్టాఫిలిస్ ఒప్పుకుంటాడు. అంటే మనిషి తనంత తానుగా ఇవ్వనిదే వారికి ఏ అధికారమూ లేదు. మొదటిసారి రాస్తున్నప్పుడు ‘ఫాస్టస్ తన ఆత్మను నీకు ఇస్తున్నాడు’ అన్న మాట దగ్గర రక్తం గడ్డకట్టి ఆగిపోతే, నిప్పుల కుంపటి తెచ్చి కరిగించి మరీ రాయించుకున్నారు. చేతి మీద ‘మనిషీ, పారిపో’ అన్న అక్షరాలు కనిపించినా అతను ఆగలేదు. ఇంత వయసులో ఎందరి చేతనో సంతకాలు పెట్టించాను. ఆ చోటు విన్నప్పుడు మాత్రం అతని చెయ్యి పట్టుకుని ఆపాలనిపించింది.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

అందరికీ కృతజ్ఞతలు. గురువుగారూ, ఒక్క సందేహం మిగిలింది. ఆఖరి గంటలో అతను క్రీస్తును పిలుస్తాడు కదా. ఆ పిలుపు ఎందుకు ఫలించలేదు?

సమాధానం (విశ్రాంత ఆంగ్ల అధ్యాపకుడు)

ఆ పంక్తిని నెమ్మదిగా చదవండి, అమ్మా. గడియారం పదకొండు కొట్టింది. ఆకాశంలో క్రీస్తు రక్తం ప్రవహించడం అతనికి కనిపిస్తుంది. ఒక్క చుక్క, అరచుక్కైనా తన ఆత్మను రక్షిస్తుందంటాడు. పేరు పలికినందుకు నా గుండె చీల్చవద్దు, అయినా ఆయన్ను పిలుస్తాను అంటాడు. అదే ఊపిరిలో ‘లూసిఫర్, నన్ను విడిచిపెట్టు’ అని వేడుకుంటాడు. పిలుస్తానన్నది ఒకరిని, వేడుకున్నది మరొకరిని. ఆ తరువాత కొండలను తన మీద పడమంటాడు, భూమిని నోరు తెరవమంటాడు. పన్నెండు కొట్టాక, తన ఆత్మ నీటిచుక్కలుగా మారి సముద్రంలో కలిసిపోవాలని కోరుకుంటాడు. చివరకు తన పుస్తకాలు తగలబెడతానంటూ అతను పలికే ఆఖరి మాట మెఫిస్టాఫిలిస్ పేరు.