నిరాశ్రయులకు చేసే సేవ ఒక పూట భోజనంతో ఆగిపోకుండా ఉండాలంటే ఏం చేయాలి?

మా క్రైస్తవ సంఘంలోని ఆరుగురం ప్రతి శనివారం రాత్రి, రోడ్డు పక్కన నిద్రించేవారికి భోజనం, దుప్పట్లు అందిస్తున్నాము. అయితే బైబిల్లోని లూకా సువార్త 10వ అధ్యాయంలో యేసు చెప్పిన కథలోని సమరయుడు (సమరయ ప్రాంతపువాడు), దొంగలు కొట్టి దారిలో వదిలేసిన మనిషికి గాయాలు కట్టి అంతటితో వెళ్లిపోలేదు. అతన్ని చూసుకోమని పూటకూళ్లవానికి రెండు దేనారములు (ఆనాటి వెండి నాణేలు) ఇచ్చి, మిగతా ఖర్చు తిరిగి వచ్చినప్పుడు తీరుస్తానని మాట ఇచ్చాడు. ఆ బాధ్యతను మేమింకా తీసుకోలేకపోతున్నామనే వేదన నన్ను వదలడం లేదు.

వైద్యం, గుర్తింపు పత్రాలు, పని, తలదాచుకునే చోటు: వీటిలో దేనితో మొదలుపెడితే వారికి నిజంగా మేలు జరుగుతుంది? మమ్మల్ని నమ్మడానికే వెనుకాడేవారితో, వారి గౌరవానికి భంగం కలగకుండా ఎలా మాట్లాడాలి? అన్నం పెట్టి ప్రార్థనకు కూర్చోమనడం సరికాదని నా గట్టి అభిప్రాయం. కానీ వారే మా విశ్వాసం గురించి అడిగితే ఎంతవరకు చెప్పవచ్చు? ఈ సేవలో అనుభవమున్నవారు దయచేసి వివరంగా తెలియజేయగలరు.