ఫుల్ ఫ్రేమ్ కొన్నాక షార్ప్‌నెస్ తగ్గింది, ఏంటిది?

ప్రొద్దుటూరు పిల్లోడు: నాలుగు గంటల నుంచి ఇదే పని, తల వేడెక్కిపోయింది. ఇన్నాళ్లూ నికాన్ డీ7200 వాడా. పోయిన వారం సెకండ్ హ్యాండ్‌లో డీ750 తీసుకున్నా. పొద్దున గండికోటకు పోయి పెన్నా లోయను రెండింటితోనూ తీశా. కంప్యూటర్‌లో పెద్దది చేసి చూస్తే పాతదే నయం! రెండూ 24 మెగాపిక్సెళ్లే కదా. ట్రైపాడ్, వెలుతురు సెట్టింగ్ ఐఎస్‌ఓ 100, అన్నీ కరెక్టే. అమ్మినాయన మోసం చేశాడా? ఎల్లుండి పెళ్లి ఒప్పుకున్నా, టెన్షన్‌గా ఉంది.

పెన్నా గట్టు: లెన్సు ఏది?

ఫిల్ము రోజులు: బాబూ, ఆ ‘ఫుల్’ అనే మాటతోనే జనం బోల్తా పడుతున్నారు. పాత 35 ఎంఎం ఫిల్ములో ఒక ఫ్రేము 36 × 24 మిల్లీమీటర్లు. ఆ కొలత సెన్సార్‌కు ఆ పేరు పెట్టారు, అంతే. మీ పాతదాంట్లో ఉన్న చిన్నది, క్రాప్ సెన్సార్ అంటారు, సుమారు 23.5 × 15.6. వైశాల్యంలో రెండింతలకు పైనే తేడా. దాని లాభం వెలుతురు చాలని కల్యాణ మంటపంలో తెలుస్తుంది, ఐఎస్‌ఓ 3200 పెట్టినా నాయిస్, అంటే ఇసక చల్లినట్టు చుక్కలు, తక్కువ. పట్టపగలు, ఐఎస్‌ఓ 100లో ఏం కనిపిస్తుంది? పైగా డీ750లో సెన్సార్ ముందు బొమ్మను కాస్త మెత్తబరిచే లో-పాస్ ఫిల్టర్ ఉంది, సన్నగళ్ల చీరల మీద అలల్లాంటి గీతలు రాకుండా. డీ7200లో అది లేదు.

రోళ్లపాడు పిట్టలు: ఎండెక్కాక తీశావేమో. బండల మీద వేడిగాలి ఆడుతుంటే ఏ కెమెరా అయినా అంతే. నన్నడిగితే క్రాపే రాజు. 300 ఎంఎం లెన్సు పెడితే 450 అవుతుంది.

ఫిల్ము రోజులు: అవదు. 300 ఎప్పటికీ 300యే. అంచులు కత్తిరించి చూపిస్తుంది.

రోళ్లపాడు పిట్టలు: పిట్ట ఫోటోలో పెద్దగా కనిపిస్తే నాకు చాలు సార్. పేరేదైతే ఏం?

పెన్నా గట్టు: మీ గొడవ తర్వాత. తమ్ముడూ, లెన్సు?

ప్రొద్దుటూరు పిల్లోడు: లెన్సుకేం అన్నా, బ్రహ్మాండంగా ఉంది. పాత కెమెరాతో వచ్చిన 18-140. పోలిక సరిగ్గా ఉండాలని రెండింటికీ అదే పెట్టా. అన్నట్టు, కొత్తదాంట్లో కన్ను పెట్టి చూస్తే మధ్యలో డబ్బాలాగా గీత కనిపిస్తోంది. అది రిపేరా?

పెన్నా గట్టు: దొరికింది. అది డీఎక్స్ లెన్సు, క్రాప్ సెన్సార్ కోసం చేసింది. తగిలించగానే ఈ బాడీ దానంతటదే ఆ డబ్బాలోపలి ముక్క మాత్రమే తీస్తుంది. 24 ఎక్కడ, పదికి కాస్త పైన మెగాపిక్సెళ్లు. ఫైలు కొలత చూడు. మెనూలో ఆటో క్రాప్ ఆపేయొచ్చు కానీ మూలలు నల్లబడతాయి. ఎఫ్‌ఎక్స్, అంటే ఫుల్ ఫ్రేమ్ లెన్సు కావాలి, ముందు ఎవరిదైనా 50 ఎంఎం అడిగి చూడు.

ఫిల్ము రోజులు: తనలో మోటారు లేని పాత డి రకం 50 కూడా ఆటోఫోకస్ అవుతుంది, బాడీలో మోటారు ఉంది. కానీ లెన్సు రంధ్రం బాగా తెరిచి 1.8లో జంటను తీయకు. పెళ్లికొడుకు కన్ను షార్ప్‌గా వచ్చి, అడుగు వెనక కూర్చున్న పెళ్లికూతురు మసకబారుతుంది. 4 దగ్గర పెట్టు.

ప్రొద్దుటూరు పిల్లోడు: 3936 × 2624 అని చూపిస్తోంది అన్నా. అయ్యో, అమ్మినాయన్ని మధ్యాహ్నమే ఫోన్లో నోటికొచ్చినట్టు అనేశా. థ్యాంక్స్. పెళ్లికి పాతదే పట్టుకుపోతా.

రోళ్లపాడు పిట్టలు: అయితే ఆ డీ750 ఇచ్చేస్తావా తమ్ముడూ? ఎంతకు?

ఫిల్ము రోజులు: క్రాపే రాజన్నారు?