ఇంటర్ అయిన అమ్మాయితో శ్రీలంక: లక్షన్నరలో అవుతుందా?

అందరికీ నమస్కారం. మా అమ్మాయి ఇంటర్ పూర్తయింది, ఎంసెట్ కూడా రాసేసింది. మంచి మార్కులొస్తే విదేశం తీసుకెళ్తానని రెండేళ్ల క్రితం నోరు జారాను. నేను మర్చిపోయాను గానీ తను మర్చిపోలేదు. బీరువా తలుపుకి మ్యాప్ అంటించి, సిగిరియా కొండకోట చుట్టూ ఎర్ర స్కెచ్ పెన్నుతో సున్నా కూడా చుట్టేసింది!

హైదరాబాద్ నుంచి జూన్‌లో అయిదు రోజులకి వెళ్దామని. నేను, అమ్మాయి, మా అత్తయ్య. మావారికి సెలవు దొరకదు. అమ్మాయికి పదిహేడేళ్లు కదా, తండ్రి రాసిచ్చే అనుమతి పత్రం నోటరీ చేయించాలా? ఎయిర్‌పోర్టులో నిజంగా అడిగారా ఎవరినైనా?

ఒక ఏజెంటు గాలె, బెంటోటా బీచ్‌లతో ప్యాకేజీ ఇచ్చాడు, రెండు లక్షల పైమాటే. జూన్‌లో అటు నైరుతి వానలు! ఆ ముక్క మాత్రం చెప్పలేదు. ఆ నెలల్లో తూర్పు తీరం పొడిగా ఉంటుంది కాబట్టి సిగిరియా చూసి ట్రింకోమలీ వెళ్దామనుకుంటున్నాను. అక్కడి కోనేశ్వరం గుడి పేరు చెప్పగానే అత్తయ్య సూట్‌కేసు దించేశారు.

కొలంబో నుంచి డ్రైవరుతో కారు మాట్లాడుకుంటే రోజుకి ఎంతవుతోంది? బస్సుల్లో తిరిగితే అత్తయ్యకి కష్టమా? సిగిరియా పన్నెండు వందల మెట్లు ఆవిడ ఎలాగూ ఎక్కరు, కింద కూర్చోడానికి నీడ ఉంటుందా? ఈమధ్య వెళ్లొచ్చినవాళ్లు మీ ఖర్చులు కాస్త విడమర్చి చెప్పండి.