వద్దన్నవాళ్ల కోసం ప్రార్థన చేయవచ్చా?

కొర్లగుంట అక్క: మా తమ్ముడు చర్చిలో ఆదివారం పూజకు రావడం మానేశాడు. మొన్న పూజలో అందరి అవసరాల కోసం పైకి చదివే విశ్వాసుల ప్రార్థనలో వాడి పేరు చదివించాను. ఎవరో చెప్పినట్టున్నారు, ఇంటికొచ్చి "నా కోసం ప్రార్థన చెయ్యొద్దు" అని పెద్ద గొడవ చేశాడు. వద్దన్నంత మాత్రాన ఆపేయాలా? పునీత మోనికమ్మ ఆపలేదు కదా. కొడుకు అగస్టీను కోసం ఏళ్ల తరబడి ఏడ్చింది. 387 ఈస్టరుకు మిలానులో ఆయన జ్ఞానస్నానం తీసుకున్నాడు.

పలమనేరు మాస్టారు: ఆపనక్కర్లేదమ్మా. శుభ శుక్రవారం నాడు క్రీస్తును నమ్మనివారి కోసం, దేవుణ్ణే నమ్మనివారి కోసం మన కతోలిక తిరుసభ విడివిడిగా ప్రార్థిస్తుంది. వాళ్ల అనుమతి తీసుకుని కాదు.

చిత్తూరువాడు: అక్కడ పేర్లు చదవరు మాస్టారూ. ఇక్కడ మైకులో చదివారు.

పలమనేరు మాస్టారు: జబ్బుపడినవాళ్ల పేర్లు చదవడం లేదా?

చిత్తూరువాడు: నమ్మకం పోవడం జబ్బా?

బైరాగిపట్టెడ: మా చర్చిలో చీటీ రాసి పెట్టెలో వేస్తాం. పేర్లు పైకి చదవరు.

పలమనేరు మాస్టారు: పేరు సంగతి పక్కన పెట్టండి. విశ్వాసంలోకి ఎవరినీ బలవంతంగా తేకూడదని రెండో వాటికన్ మహాసభ 1965లోనే చెప్పింది. ప్రార్థన బలవంతం ఎలా అవుతుంది? మూడు హత్యలు చేసి మరణశిక్ష పడిన ప్రాంజీని కోసం 1887లో ఫ్రాన్సులో పునీత చిన్న తెరేజమ్మ ప్రార్థించింది. ఆమె ఎవరో కూడా అతనికి తెలీదు. చివరి క్షణంలో సిలువను ముద్దు పెట్టుకున్నాడు.

చిత్తూరువాడు: హంతకుడితో పోలికా? నేనూ పూజ మానేసినవాణ్ణే. హిందూ అమ్మాయిని చేసుకున్నాను. చర్చి వాకిట్లో ఒక పెద్దమనిషి మా ఆవిడను పదిమందిలో నిలబెట్టి "ఎప్పుడు మారతావమ్మా?" అన్నాడు. ఆ రోజుతో సరి. మా అక్క నా పేరున నవదినాలు, అంటే తొమ్మిది రోజుల ప్రార్థనలు చేస్తుంది. ఎందుకు రావడం లేదురా అని మాత్రం అడగదు.

పలమనేరు మాస్టారు: ఆయన అన్నది తప్పు. 1983 తిరుసభ ధర్మశాస్త్రం ప్రకారం ఇలాంటి మిశ్రమ వివాహంలో విశ్వాసం విషయంలో మాట ఇవ్వాల్సింది కతోలికులే. అవతలివాళ్లు మారనక్కర్లేదు.

చిత్తూరువాడు: ఆ మాట ఆ రోజు ఎవరూ అనలేదు. అక్కా, మోనికమ్మ కథ మీరు సగమే చెప్పారు. నా కొడుకుతో మాట్లాడి మార్చండని ఆమె ఒక మేత్రాణులను, అంటే బిషప్పును బతిమాలితే ఆయన ఒప్పుకోలేదు. అతన్ని అలా వదిలెయ్యి, ప్రార్థన మాత్రం చెయ్యి అన్నాడు. మీరు మీ తమ్ముణ్ణి వదిలారా? ఎందుకు మానేశాడో అడిగారా?

బైరాగిపట్టెడ: కొంచెం నెమ్మదిగా అన్నా. ఆమె బాధ ఆమెది.

కొర్లగుంట అక్క: అడగకుండా ఎలా ఉంటాను? అమ్మ ఆసుపత్రిలో ఉన్నప్పుడు జపమాల ముందు పట్టుకున్నది వాడే. రాత్రంతా మంచం పక్కనే ఉన్నాడు. అమ్మ పోయాక నన్ను ఒకటే అడిగాడు: "మనం అడిగింది ఆయన విన్నాడా?" నా దగ్గర జవాబు లేదు. అది వాడికి చెప్పలేక దేవుణ్ణే అడుగుతున్నాను. పేరు చదివించొద్దంటే మానేస్తాను. ప్రార్థన మాత్రం వాడు వద్దన్నా, మీరు వద్దన్నా ఆపను.

చిత్తూరువాడు: జవాబు లేదన్న మాట మీ తమ్ముడికి ఎప్పుడైనా చెప్పారా అక్కా?